సగం దిగి లేచిన వారధి

మొదటి మంగళవారం

దాలినాయుడు మర్నాడు వచ్చి రాయమన్నాడు, రాస్తున్నాను. ఈ పుస్తకం వాడిదే. తెప్పల ఆఫీసులో పలకలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఉండే ఫిర్యాదు పుస్తకం. పేజీ పైన గడులు గీసి ఉన్నాయి: రోజు, జరిగినది, తప్పు ఎక్కడ, సరిచేసిన తీరు. "జరిగింది జరిగినట్టు రాయి అప్పా, మనసులోది రాయకు," అన్నాడు. వాడు నాకు వరసకు తమ్ముడు; అక్కని మా వైపు అప్పా అంటారు. నేను మూడో తరగతి దాకా చదివాను. జరిగిందాన్నీ మనసులోదాన్నీ విడదీసి రాసేంత చదువు నాకు లేదు.

జరిగింది ఇది. పొద్దున నాచు ఆరబెట్టి, మా ఇల్లున్న తెప్ప అంచున గుల్లలు గీకుతుంటే గుమ్మం దగ్గర బిగించిన పిలుపుల పలక మోగింది. నీళ్ళ వంతు అనుకున్నాను. నీళ్ళ వంతు పిలుపు వచ్చినప్పుడు పచ్చ మీట నొక్కకపోతే ఆ రోజు కుళాయి తిరగదు. అందుకని ఉప్పు చేతులతోనే పరిగెత్తాను.

నీళ్ళది కాదు.

"అమ్మా, మంగళవారం నాలుగింటికి. ఏమీ వండి తేకు. నువ్వు రా, చాలు."

పైడి గొంతు.

నా కూతురు పైడితల్లి పోయి అయిదు నెలల ఆరు రోజులు. పలక మీద దాని పేరు ఎప్పటిలాగే వెలుగుతోంది. కింద మూడు మీటలు. పచ్చది వస్తాను, ఎర్రది రాను, పసుపు చూద్దాం. నా చెయ్యి నన్ను అడగలేదు. ఎప్పుడూ నొక్కినట్టే పసుపు నొక్కేసింది.

నాలుగింటికి నేను నీటి అంచుకి పోయి నిలబడ్డాను. మా తూర్పు తెప్పల వరసకీ పైడి ఉన్న పడమర వరసకీ నడుమ ఇరవై బారల నీరు. అక్కడ నీటి వడి ఎక్కువ, పడవ నిలవదు. చుట్టు తిరిగి పోవాలంటే ఒక పూట పడుతుంది. వారధి పైడి ఇంటి ముందే నిట్టనిలువుగా నిలబడి ఉంటుంది. పిలిచినవాళ్ళ పలకా, పిలుపు అందుకున్నవాళ్ళ పలకా రెండూ సరేనంటేనే అది మా వైపు వంగి దిగుతుంది.

సరిగ్గా నాలుగింటికి గొలుసు కదిలింది. వారధి వంగింది. సగం దాకా దిగింది. అక్కడ ఆగి, కాసేపు ఊగి, మళ్ళీ మెల్లగా పైకి లేచిపోయింది.

నేను వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చేశాను. ఎందుకంటే ఇది నేను ముందొకసారి చూశాను.

బుధవారం

దాలినాయుడు వచ్చాడు. మెడలో తీగల చుట్ట, నోట్లో సోంపు గింజలు.

"ఏటప్పా, సచ్చినోళ్ళు పిలుత్తున్నారని ఆఫీసుకి కబురెట్టినావంట? మా పెద్దాయన బెదిరిపోయి తాయెత్తు కట్టుకున్నాడు," అన్నాడు.

నేను నవ్వలేదు. వాడూ నవ్వు ఆపి పలక విప్పాడు.

ఎందుకు ఇప్పుడు మొదలైందో వెంటనే దొరికింది. పైడి పోయాక అల్లుడు నాచు తోటల వైపు వెళ్ళిపోయాడు, ఆ తెప్ప ఖాళీగా ఉంది, కరెంటు తీసేశారు. పోయిన ఆదివారం ఎవరో కొత్తవాళ్ళు దిగారు. సన్యాసమ్మ అట, మొగుడూ చిన్నపిల్లా. కరెంటు ఇచ్చారు. గుమ్మంలో పైడి పలక మేలుకుంది. ప్రతి మంగళవారం పిలవమని పైడి దానికి చెప్పి ఉంచింది కదా. అది ఎవరికోసమూ ఆగదు, పిలుస్తుంది.

"పైడి గొంతు అందులో ఉండిపోయిందన్నమాట," అన్నాను.

"గొంతే అప్పా. ఇంకేటీ నేదు," అన్నాడు వాడు, నా మొహం చూడకుండా.

వారధి సగంలో ఎందుకు లేచిందో మాత్రం వాడికి తెలియలేదు. మా వరస పలకల్లో ఉన్నది పాత యంత్రం, పొద్దు అంటాం. పడమర వరస పలకల్లో కొత్తది పెట్టారు, ఘడియ అంటారు. రెండూ గంటలు వేరుగా లెక్కపెడుతున్నాయేమో, ఒకదానికి నాలుగైతే ఇంకోదానికి ఇంకేదో అవుతుందేమో అన్నాడు. రెండింటినీ ఒకే గంటకి తిప్పి కట్టాడు.

"ఇంక పరవానేదు. ఏటి జరిగినా రాయి."

"మనసులోది రాయకూడదు కదా."

"రాసుకో అప్పా, పేజీలు సానా ఉన్నాయి."

రెండో మంగళవారం

పరవాలేదన్నది పరవాలేదు కాలేదు. పొద్దున రెండు పిలుపులు వచ్చాయి. ఒకటి అయిన వెంటనే ఇంకొకటి. అదే మాట, అదే గొంతు, చివర్లో చిన్న దగ్గు కూడా అదే. నాలుగింటికి వారధి రెండుసార్లు సగం దిగి లేచింది.

రెండింటికీ పసుపే నొక్కాను.

పసుపు సంగతి రాయాలి. మనుషులు పిలిస్తే నేను పచ్చది నొక్కను. నేనే కాదు, మా వరసలో ఎవరూ నొక్కరు. పిలిచినవాళ్ళ మొహాన రానని అనకూడదు. వస్తానని చెప్పి పోలేకపోతే మాట పోతుంది. అందుకని చూద్దాం అంటాం. మా అమ్మ అలాగే అనేది, వాళ్ళమ్మా అలాగే అనేదట. చూద్దాం అన్నామంటే వస్తామనే. పాత పొద్దుకి ఆ సంగతి తెలుసు. మీట పసుపైనా వారధి దించేసేది.

పైడికి నా పసుపు మీద కోపం. "నీళ్ళ మిషనుకి పచ్చ నొక్కుతావు. కన్నకూతురు పిలిత్తే సూద్దామంటావు. ఒక్కసారి వొత్తానని అనమ్మా, నీ నోరేటి అరిగిపోద్దా?" అనేది. అన్నా, మంగళవారం నేను వారధి దాటేసరికి గుమ్మంలో నిలబడి ఉండేది. నేను గోంగూరా ఎండురొయ్యలూ వండి తీసుకుపోయేదాన్ని. ఏమీ తేవద్దనేది, గిన్నె మూత నాకంటే ముందు తనే తీసేది. నలభై ఒక్క వారాలు ఒక్క మంగళవారం మానలేదు.

నలభై రెండోది మానేశాను. మానేశాననుకుంటున్నారా, నేను పోయాను. గిన్నె పట్టుకుని నీటి అంచుకి పోయి నిలబడ్డాను. వారధి సగం దిగి, ఆగి, లేచిపోయింది. దాని ముందు వారమే ఇద్దరం మాటామాటా అనుకున్నాం, ఆ పసుపు మీదే. నన్ను చూసి ఎత్తేసింది అనుకున్నాను. అనుకుని, సరే నీకంత కోపమైతే నాకూ ఉంది అని, గిన్నె తెచ్చేసుకుని ఆ కూర నేనే తిన్నాను.

అది లోపల పడుకుని ఉంది. గుల్ల గీరుకుని కాలు వాచి, ఒళ్ళు కాలిపోతూ. మొగుడు తోటల్లో ఉన్నాడు. మందుల తెప్ప ఉండేది మా వరసలోనే. తెల్లారేసరికి లేదు.

దానికి చివరగా ఉన్న కోపం నా మీదేనని అయిదు నెలలుగా మోస్తున్నాను. ఇప్పుడు వారం వారం వచ్చి వారధి మళ్ళీ ఎత్తేస్తోంది.

శుక్రవారం, శనివారం

నాయుడు నా పలకలోంచి పైడి పిలుపులన్నీ తుడిచేశాడు. తుడిచేముందు అడిగాడు. తల ఊపాను. పేరు ఆరిపోయింది. గుమ్మం అంతా చల్లబడిపోయినట్టు అనిపించింది. ఆ రోజంతా తాళ్ళకి తారు పూస్తూ కూర్చున్నాను, పూసిన తాడుకే మళ్ళీ పూశాను.

శనివారం పొద్దున చూస్తే పేరు వెలుగుతోంది. పడమటి పలక మళ్ళీ పంపింది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇది నాయుడికి చెప్పలేదు. పుస్తకంలో ఉంది కదా, చదువుకుంటాడు.

మూడో మంగళవారం

నాలుగు పిలుపులు. నాలుగుసార్లు వారధి సగం దిగి లేచింది.

అటువైపు ఒక ఆడమనిషి పిల్లను చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చి వారధినీ నన్నూ మార్చి మార్చి చూసింది. అరిస్తే వినపడదు, మొహాలు మాత్రం కనిపిస్తాయి. పైడి నిలబడే చోటే నిలబడింది. నేను లోపలికి వచ్చేశాను.

సాయంత్రం ఆమె పలకలో మాట్లాడింది. "అత్తా, నా పేరు సన్యాసమ్మ. ఈ వారధికి ఏటొచ్చినాది? మీరేటైనా నొక్కుతున్నారేటి? మా పిల్లగుంట దడుసుకుంటంది."

ఏం చెప్పను? నా కూతురు పిలుస్తోంది, నేను చూద్దామంటున్నాను అని చెప్పనా? ఆఫీసువాళ్ళు చూస్తున్నారమ్మా అన్నాను.

"పెతి మంగళారం ఇలగే ఉంటాదా అత్తా?"

చూద్దాం అన్నాను.

నాలుగో మంగళవారం

ఎనిమిది. పొద్దున నీళ్ళు పట్టుకుంటుంటే మొదలైంది. బిందె నిండేలోపు ఎనిమిదిసార్లు అమ్మా అంది. బతికుండగా కూడా ఒక్కరోజులో అన్నిసార్లు పిలిచిందో లేదో.

పక్క తెప్ప పోలమ్మ వచ్చి, "ఆ పలక మీద గుడ్డ కప్పీయే, నీ మతి పోతాది," అంది. గుడ్డ కప్పింది కూడా. ఆమె పోగానే తీసేశాను.

ఒక సంగతి. ఎనిమిదింటిలో ఒకదానిలో, మాట అయిపోయాక, దూరంగా ఏదో గిన్నె పడ్డ చప్పుడు ఉంది. అన్నింటిలోనూ ఉండే ఉంటుంది, నేను అంతకుముందు వినలేదు. నలభై ఒక్క వారాలు ఆ పిలుపు పూర్తిగా వినకుండానే పసుపు నొక్కేదాన్నన్నమాట. మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాను. పెద్ద ఇత్తడి గిన్నె, పెళ్ళికి నేనిచ్చిందే. ఆ చప్పుడు నాకు తెలుసు.

అయిదో మంగళవారం

గబగబా రాస్తున్నాను, రాత బాగోదు.

పదహారు. తొమ్మిదోసారి వారధి లేస్తుండగా అటువైపు సన్యాసమ్మ కూతురు గొలుసు దగ్గరికి వచ్చేసింది. మూడేళ్ళ పిల్ల. దాని పావడా అంచు గొలుసులో పడింది. నేను ఇటునుంచి అరిచాను. గాలి నా అరుపును వెనక్కి నెట్టింది. చేతులూపాను. పిల్ల నన్ను చూసి నవ్వి తనూ చేయి ఊపింది. గొలుసు లాగుతోంది, పిల్ల వెనక్కి నడుస్తోంది, ఆటనుకుంటోంది.

సన్యాసమ్మ లోపల్నుంచి వచ్చి రెండు చేతులతో పావడా చింపేసింది. ముక్క గొలుసుతో పాటు పైకి పోయింది. తర్వాత ఏడుసార్లు ఆ ఎర్రగుడ్డ ముక్క కిందికి వస్తూ పైకి పోతూ కనిపించింది.

పలకలో ఆమె గొంతు వినడానికి సిద్ధపడే కూర్చున్నాను.

"అత్తా, మీ అమ్మాయి సంగతి నాకు సెప్పినారు. మిమ్మల్ని ఏటీ అనకూడదని రెండు వారాలు నోరు మూసుకున్నాను. గాని నా పిల్ల బతికుందత్తా. బతికున్నదాన్ని బతకనీ."

ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం

రెండు వరసల పెద్దలూ కూర్చున్నారు. వచ్చే మంగళవారం కూడా ఇలాగే ఉంటే బుధవారం వారధి విప్పేస్తామన్నారు. విప్పేస్తే సన్యాసమ్మ వాళ్ళకి మందుల తెప్పకి దారి ఉండదు. ఒక పూట చుట్టు తిరిగి రావాలి. ఆ ఇంట్లో దారి లేక ఒకళ్ళు పోయారు, చాలదా?

నాయుడు సాయంత్రం వచ్చాడు. నోట్లో సోంపు గింజలు లేవు. కూర్చోమన్నా కూర్చోలేదు. కాసేపటికి వాడే నేల మీద చతికిలబడ్డాడు.

"తప్పు దొరికింది అప్పా."

"చెప్పు."

"నీ పసుపు."

వాడు చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. నేను పసుపు నొక్కితే మా పొద్దు దాన్ని వస్తుంది అనుకుంటుంది. వారధి దించమంటుంది. అవతల ఘడియ కొత్తది, మా మనుషులు తెలియని చోట తయారైంది. పసుపంటే రానట్టే దానికి. ఎత్తెయ్యమంటుంది. అందుకే సగంలో ఆగడం. అక్కడితో పోదు. మా పొద్దు వస్తుందంట అని ఘడియకి ఆ పిలుపు కాపీ ఒకటి పంపుతుంది, ఘడియ రాదంట అని పొద్దుకి ఒక కాపీ పంపుతుంది. ఎవరి మాట నిజమో తేలక వారం వారం రెట్టింపు.

"ఘడియ ఎప్పుడు పెట్టారు పడమర వరసలో?" అన్నాను.

వాడు మెడలో తీగల చుట్ట తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాయుడూ, ఎప్పుడు?"

"పైడి పోయిన వారం. సోమారం పెట్టినాం."

నేను మంగళవారం నీటి అంచున నిలబడ్డాను. గిన్నె వేడిగా ఉంది. చేతికి ఆ వేడి ఇప్పటికీ తెలుస్తోంది.

"అయితే అది ఎత్తెయ్యలేదా," అన్నాను.

"ఎవులూ ఎత్తనేదు అప్పా. ఆ సోమారమే సానా వారధులు అలగే లెగిసిపోనాయి. జనం గోల సేసినారు. పసుపు నొక్కకండి, పచ్చో ఎర్రో నొక్కండి అని సీటీ రాసి అంటించాలి. ఆ పని నాదే." వాడు తల వంచుకుని తీగల చుట్టని విప్పుతున్నాడు, మళ్ళీ చుడుతున్నాడు. "మంగళారం పొద్దున్నే అంటించీమన్నారు. వేరే తెప్పలో పనుందని గురువారం అంటించినాను. పైడి పోయిన దుఃఖంలో నువ్వది సూడనేదు. వారం వారం నీ గుమ్మంలోకి రావడం, ఇది సెప్పకుండా ఎలిపోవడం. పసుపు సంగతి మొదటి రోజే అనుమానం వొచ్చినాది. గంటలు సరిసేత్తే పోతాదేమోనని దేవుళ్ళకి మొక్కుకున్నాను."

వాడి మీద అరవాలి. నాకు అరుపు రాలేదు. నాకు లోపల ఒకటే మాట తిరుగుతోంది. అది ఎత్తెయ్యలేదు. నా మీద కోపంతో పోలేదు. అంతలోనే ఇంకో మాట. అయితే నేను రాననుకుని పోయింది. దాని పలకలో నేను రానట్టే పడి ఉంటుంది. ఒళ్ళు కాలుతూ పలక చూసుకుని ఉంటుంది. అమ్మ రాదు అని చూసి ఉంటుంది.

ఏది బరువో చెప్పలేను. దించుకున్నదానికంటే ఎత్తుకున్నది తక్కువేం కాదు.

"ఎలా ఆపాలి?" అన్నాను.

"పిలిసినోళ్ళే పిలుపు మాన్పాలి, పలక అలగే అడుగుతాది. పైడి బొటనవేలు కావాల." వాడు తన బొటనవేలు చూసుకున్నాడు. "అది నేదు కాబట్టి దారులు రెండే. ఎర్రది నొక్కు. ఇక్కడినుంచే తెగిపోతాది. సిటికెలో పని."

"రానని చెప్పమంటావా, దానికి?"

"ఇంకోటుంది. పచ్చది నొక్కు. రెండు యంత్రాలకీ ఒకటే జవాబు దొరుకుతాది, కాపీలన్నీ ఒకటైపోతాయి, వారధి నిండా దిగుతాది. నువ్వు ఎల్లాల. ఆ గుమ్మంలో పైడి పలక ఒకటడుగుతాది, పిలిసిన మనిసి వొచ్చిందా అని. పైడి నేకపోయినా, వొచ్చిన మనిసే ఏలు పెట్టి అవునంటే ఆ పిలుపు తీరిపోతాది. తీరిన పిలుపుని నాను కట్టీగలను, ఇంక రాదు."

"ఆ ఇంటికా?"

పోయిన పైడిని అక్కడినుంచి తెచ్చాక నేను ఆ గుమ్మం తొక్కలేదు. సామాను కూడా పోలమ్మే సర్దింది.

"ఏది సేసినా గొంతు పోతాది అప్పా," అన్నాడు వాడు. "దాసిపెట్టడానికి నాకు సేతకానేదు. రెండు రాత్రులు సూసినాను."

ఆరో మంగళవారం

వంట చేశాను. తొట్టిలో గోంగూర ముదిరిపోయింది, లేతది ఏరుకోవడానికి పొద్దెక్కింది. ఎండురొయ్యలు దోరగా వేయించాను. అడుగు కొంచెం మాడనిచ్చాను, దానికి ఆ మాడే ఇష్టం.

ముప్పై రెండుసార్లు పిలిచింది. పలక ముందు పీట వేసుకుని కూర్చుని ముప్పై రెండూ విన్నాను. ఏ పనీ పెట్టుకోలేదు. అమ్మా, మంగళవారం నాలుగింటికి. ఏమీ వండి తేకు. దగ్గు. గిన్నె చప్పుడు. పద్దెనిమిదోసారో ఎప్పుడో నేనూ దాంతోపాటు అనడం మొదలుపెట్టాను.

మూడుంబావుకి నాయుడు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

ఎర్రది దగ్గర్లోనే ఉంది. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, దాని మీదికి వేలు పోయింది. అక్కడికి పోకుండా అయిపోతుంది కదా అని. ఆ గుమ్మం, పైడి పడుకున్న ఆ మూల, అక్కడ ఇప్పుడు ఇంకెవరి చాపో. నా వల్ల కాదనిపించింది. మళ్ళీ అనుకున్నాను. నేను రానని ఒకసారి దానికి చెప్పేశాయి ఈ యంత్రాలు, నన్నడక్కుండా. రెండోసారి నా వేలితో నేను చెప్పను.

పచ్చది నొక్కాను. నోటితో కూడా అన్నాను. "వస్తానమ్మా." మనుషులకి ఆ మాట చెప్పడం నాకు అదే మొదలు. నోరు అరిగిపోలేదు.

పలక మీద ముప్పై రెండు పేర్లు గబగబా ఒకదాని మీదికి ఒకటి జరిగి ఒకటే మిగిలింది.

నాలుగింటికి గొలుసు కదిలింది. వారధి వంగింది. సగం దాకా వచ్చింది. నేను ఊపిరి పట్టాను. నాయుడు వెనకాల, "దిగు, దిగెహె, దిగు," అంటున్నాడు ఎద్దును అదిలించినట్టు. ఆగలేదు. వచ్చి నా కాళ్ళ ముందు దభీమని ఆనింది. గొలుసులో ఆ ఎర్రగుడ్డ ముక్క ఇంకా ఉంది.

ఇరవై బారలు. అడుగు వేస్తే చెక్క కింద నీళ్ళు ఉరుకుతున్నాయి. గిన్నె వేడి చేతికి తగులుతోంది. గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. ఎండ ఎదురుగా ఉంది, మొహం కనిపించదు. మనిషి ఆకారం, నడుం మీద చెయ్యి. పైడి అలాగే నిలబడేది. నేను ఆగిపోలేదు. దగ్గరికి పోయేకొద్దీ అది సన్యాసమ్మ అయింది. ఆ నాలుగైదు అడుగుల్లో ఎక్కడ పైడి పోయి ఎక్కడ ఆమె వచ్చిందో నేను చెప్పలేను.

"రా అత్తా," అంది. పక్కకి తప్పుకుంది.

గుమ్మానికి కుడివైపు పలక. పైడి పలక. అంచున అది అంటించుకున్న చిన్న గవ్వ అలాగే ఉంది. సన్యాసమ్మ పీకెయ్యలేదు, తుడిచి కూడా పెట్టింది. తెర మీద రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను.

అమ్మ వచ్చిందా?

పలక ప్రతివారం అడిగేదట. నలభై ఒక్కసార్లు పైడి 'వచ్చింది' అని నొక్కింది, వరసగా ఉన్నాయి. నలభై రెండో దాని ఎదురుగా ఖాళీ. రాలేదు అని కూడా నొక్కలేదు. పక్కనే ఆ మీట ఉంది, వేలు చాచితే అందేది, ఒళ్ళు ఎంత కాలుతున్నా అందేది. నొక్కలేదు. ఖాళీగా వదిలేసింది.

ఎదురుచూసిందన్నమాట.

నేను వేలు పెట్టలేకపోయాను. చేతిలో గిన్నె ఉంది. సన్యాసమ్మ గిన్నె అందుకుంది. పిల్ల వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "ఎవులే?" అంది వాళ్ళమ్మతో.

"ఈ ఇంటోళ్ళ అమ్మ," అంది సన్యాసమ్మ.

వచ్చింది అని నొక్కాను.

పలక ఒకసారి మెరిసింది. పేరు ఆరిపోయింది. గవ్వ మిగిలింది. నేను చెవి ఒగ్గి నిలబడ్డాను, ఏమైనా వినిపిస్తుందేమోనని. లోపల పిల్ల గిన్నె మూత తీసేసింది. "గోంగూర!" అని అరిచింది.

అదే రోజు, మళ్ళీ

అక్కడ అన్నం తిన్నానని రాయడం మరిచిపోయాను. పైడి పడుకున్న మూలలో ఇప్పుడు పిల్ల బొమ్మలున్నాయి. అటు చూస్తూనే తిన్నాను. మాడింది సన్యాసమ్మకి ఇష్టం లేదు, తీసి పక్కన పెట్టింది. అది నేనే తిన్నాను.

వచ్చేటప్పుడు ఆమె తన పలక తెచ్చి, "అత్తా, వొచ్చే మంగళారానికి నాను పిలవొచ్చా?" అంది. నోటి దాకా వచ్చింది, చూద్దాం అని. నాలుకని పళ్ళ మధ్య పట్టుకున్నాను. "పిలువు. పచ్చదే నొక్కుతాను," అన్నాను. ఎందుకో ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నాకు తిరగలేదు.

ఇటు వచ్చి నీటి అంచున నిలబడ్డాను. అయిదింటికి వారధి లేచింది. సగంలో ఆగలేదు, ఊగలేదు. నిదానంగా పైదాకా పోయి నిలబడింది. అది లేవడాన్ని మొదటిసారి చివరిదాకా చూశాను.

నాయుడూ, నీ గడులు నింపుతున్నాను. తప్పు ఎక్కడ అన్న చోట నీ పేరు రాయలేదు, నా పేరు రాయలేదు. ఖాళీగా వదిలేశాను. సరిచేసిన తీరు: పిలిచింది, వెళ్ళాను.